నమూనాకు సన్మానము - గని సాక్ష్యము

ప్రతి సంవత్సరము డిసెంబరు 23వ తేదీన బొగ్గుగనుల సీమలో సింగరేణి దినోత్సవము జరుగుచున్నది. 1920వ సంవత్సరమున ఆ తేదీననే సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాదు సంస్థానమున ఆ పేరుతో నమోదయ్యెను. ఆనాడు కొత్తగూడెమునందును, రామగుండము, గోదావరిఖని, మందమఱ్ఱి, భూపాలపల్లి ప్రాంతములందును జెండా ఎగురును. ఉత్తమ కార్మికులను పేరుపేరున వేదికమీదికి పిలిచి శాలువలు కప్పుదురు. భూమి లోపల చీకటిలో పాటుపడు మనుష్యుని వెలుతురులో నిలువబెట్టి పదిమంది యెదుట గౌరవించు ఆ ముహూర్తము మాకెంతయు ప్రియమైనది. ఆ సన్మానమునకు కొలత కూడ సామాన్యులకు తెలియునట్టిదే. ఎన్ని మస్టర్లు నిండినవి, పని యెంత జరిగినది, ఎవరికిని దెబ్బ తగులకుండ జరిగినదా - ఈ విషయములకు తోడి పనివారందఱును సాక్షులే.

అయితే కొన్ని దశాబ్దములుగా గనులలోనికి క్రొత్త పనివాడొకడు ప్రవేశించియున్నాడు. అతడు తట్టా చెమ్మసు పట్టడు. తలకు దీపము తగిలించుకొని బాయి దిగు దినములు తక్కువ. కంప్యూటరు ముందు కూర్చుండి, రాతిపొరలను అంకెలుగా మార్చి, ఏ పొర ఎప్పుడు విఱుగును, నీరెటు పాఱును, విషవాయువు ఏ దారిని వ్యాపించునని ముందుగా చెప్పుటయే అతని వృత్తి. ఇంగ్లీషులో దీనిని మాడలింగు, సిమ్యులేషను అందురు. నమూనా విద్య, అనుకరణ విద్య అని మేము వ్యవహరింతుము. ఈ విద్యలో ఆరితేరినవారికి బిరుదములును పతకములును ఇచ్చు సంఘములు ప్రపంచమున పెక్కు వెలసినవి. మన బొగ్గుసీమలోను ఈ విద్య నభ్యసించిన యువకులు తయారగుచున్నారు. వారిని సన్మానింపవలెనా? తప్పక సన్మానింపవలెను. కాని ఏ కొలతతో సన్మానింపవలెను, సాక్షులెవరు? ఈ ప్రశ్ననే నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

సర్దారు చేతికఱ్ఱ

నమూనా యనునది మొన్న పుట్టిన వింత కాదు. గనిలో పని మొదలు పెట్టకమునుపు మైనింగు సర్దారు తన చేతికఱ్ఱతో పైకప్పును తట్టి చూచును. గట్టిరాయి ఖంగుమని పలుకును. పొర విడిన రాయి డొల్లగా మ్రోగును. ఆ ధ్వనిని బట్టి, కంటికి కానరాని పగులును అతడు మనస్సులో రూపించుకొనును. అదియే అతని నమూనా. వెనుకటి దినములలో కప్పునకు కలపదిమ్మెలు నిలిపెడివారు. బరువెక్కినపుడు కలప కిఱకిఱలాడి హెచ్చరించును. ఇనుము ఆ హెచ్చరిక చేయదు. కప్పు మాటలాడునని గని పెద్దలు చెప్పుట వట్టి కవిత్వము గాదు; ప్రాణములు కాపాడిన శాస్త్రము.

ఆ శాస్త్రమునే ధన్‌బాదులోని కేంద్రీయ గని పరిశోధనా సంస్థవారు 1980 దశకమున అంకెలలో నమర్చిరి. పైకప్పునకు మొత్తము 100 గుణములు నిర్ణయించిరి. పొర మందమునకు 30, పగుళ్లు మొదలగు లోపములకు 25, తేమ తగిలినపుడు రాయి చివుకు స్వభావమునకు 20, రాతి బలమునకు 15, ఊట నీటికి 10. ఈ గుణములు కూడి వచ్చిన సంఖ్యను బట్టి కప్పు మంచిదా చెడ్డదా, దానికెంత ఊత కావలెనని నిశ్చయింతురు. మన దేశపు గనులలో మన దేశపు రాతిని చూచి మనవారు కట్టిన నమూనా యిది. విచారించి చూచినచో సర్దారు కఱ్ఱకును ఈ పట్టికకును భేదము లిపి మాత్రమే. రాతిబలమునకు 15 గుణములే యిచ్చి, పొర మందమునకు 30 ఇచ్చుటలో గొప్ప అనుభవసారమున్నది. రాయి గట్టిదైనను పలుచని పలకలుగా నున్నచో నమ్మరాదని దాని భావము.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ విద్య మఱియొక మెట్టెక్కినది. రాతిని లక్షల చిన్నగడులుగా విభజించి, ఒక్కొక్క గడికి బలమును, బరువును కల్పించి, బొగ్గును కొంచెము కొంచెముగా తీసినట్లు లెక్కించుచు, ఆ బరువు ప్రక్కగడులపై నెట్లు పడునో చూతురు. లాంగ్‌వాల్ పద్ధతిలో దీని అవసరము మిక్కిలి హెచ్చు. అందు జలశక్తితో పనిచేయు ఉక్కు ఊతలు వరుసగా నిలిచి కప్పును మోయుచుండ, యంత్రము బొగ్గుగోడను చెక్కుచు ముందునకు సాగును. ఊతలు కదలినకొలది వెనుకనున్న ఖాళీలో కప్పు కూలవలెను. కూలక వ్రేలాడుచున్నచో బరువంతయు ఊతలపై బడి, తుదకు పెద్దముక్కగా నొక్కసారి విఱుగును. ఎన్ని మీటరులకొకసారి విఱుగునో ముందుగా తెలియుట పనివారికి ప్రాణాధారము. రామగుండము ప్రాంతమున 1980 దశకమునుండి ఈ పద్ధతి యున్నది. 2014లో ఆరంభమైన అడ్రియాల గని దానికి పెద్ద యుదాహరణము. ఆ గని రచనకు పూర్వము ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థయైన సి.ఎస్.ఐ.ఆర్.ఓ. వారితో కలిసి సింగరేణివారు రాతిని, నీటిని గూర్చి నమూనాలు కట్టిరి. 2022 మార్చి నెలలో ఆ గనిలోనే కప్పు కూలి ప్రాణనష్టము జరిగినదనియు మఱువరాదు. నమూనా వ్యర్థమని మేమనుట లేదు. నమూనా యున్నచోటను గని తన మాట తాను చెప్పుచునే యుండునని మాత్రమే చెప్పుచున్నాము.

లోకమున బిరుదములు

ఈ విద్యకు గౌరవము పుట్టిన చరిత్రను కొంచెము స్మరింపవలెను. అమెరికాలో ఆర్గను వాద్యములు చేయు కర్మాగారమువాని కుమారుడు ఎడ్విన్ లింకు. ఆయన ఆ వాద్యములలోని గాలితిత్తులనే ఉపయోగించి 1929 ప్రాంతమున నేలమీదనే విమానము నడుపుట నేర్పు పెట్టె యొకటి నిర్మించెను. మొదట దానిని సంతలలో వినోదవస్తువుగా చూచినవారే యెక్కువ. 1934లో అమెరికా సైన్యమువారు విమానములలో తపాలా మోయుటకు పూనుకొని, మబ్బులలో, మంచులో దారి తెలియక కొలది వారములలో పదిమందికి మించి వైమానికులను పోగొట్టుకొనిరి. అటుపిమ్మట సైన్యము ఆఱు పెట్టెలు కొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్షలకొలది వైమానికులు ఆ పెట్టెలో కూర్చుండియే విద్య నేర్చిరి. అనుకరణ విద్య ప్రతిష్ఠకు మూలము ఆ మృతవీరుల ఋణము.

1952లో అమెరికాలో అనుకరణ శాస్త్రజ్ఞుల సంఘమేర్పడెను. కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘములోను, కార్యగణిత పండితుల సంఘములోను ఈ విద్యకు ప్రత్యేకశాఖలున్నవి. జీవితకాల సేవకును, ఉత్తమ గ్రంథములకును అవి పురస్కారము లిచ్చుచున్నవి. శిక్షణానుకరణములకు జాతీయ సంఘమొకటి వేఱుగా బహుమానము లొసంగుచున్నది. దానికిని సైనికశిక్షణకును సంబంధము హెచ్చు. మన తెలుగువాడు, చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు 1994లో ట్యూరింగు పురస్కారమునందిరి. అది కృత్రిమ మేధకు సంబంధించిన కృషికి వచ్చినది. మాట వినగల యంత్రమును నిర్మించుటయు మనుష్యబుద్ధిని అనుకరించుటయే గదా! పల్లెటూరి పిల్లవానికి ఈ విద్యలో దుర్గమమైన శిఖరము లేదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

నోబెలు బహుమానము సైతము నమూనాకర్తలను వరించినది. 2013లో రసాయనశాస్త్రమున కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ అను మువ్వురకు అణుచర్యల నమూనాలకై వచ్చినది. 2021లో భౌతికశాస్త్రమున సగము బహుమానమును స్యుకురో మనాబె, క్లౌస్ హాసెల్‌మన్ అనువారు భూమి వాతావరణపు నమూనాలకై పంచుకొనిరి. మనాబెగారి చరిత్ర బొగ్గుసీమవారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఆయన 1967లో తన సహచరునితో కలిసి, గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో నేలమీది వేడి సుమారు 2.3 డిగ్రీలు హెచ్చుననియు, పైయెత్తున నున్న వాతావరణపు పొర మాత్రము చల్లబడుననియు లెక్కగట్టెను. పిమ్మటి దశాబ్దములలో ఉపగ్రహములును బెలూనులును కొలిచి చూడగా క్రింద వేడి, పైన చలువ - రెండును నిజమయ్యెను. రామగుండములో తవ్విన బొగ్గు, 1983 నుండి అచ్చటి విద్యుత్కేంద్రములో మండుచున్న బొగ్గు, ఆ లెక్కలో చేరినదే.

చదువరులు గమనింపవలసినది యొక్కటి. 1967లో చెప్పిన మాటకు 2021లో బహుమానము వచ్చినది. మధ్యనున్న 54 సంవత్సరములు ప్రకృతి ఆ మాటను పరీక్షించుచుండెను. నమూనాకు తగిన గౌరవమునకు ఇది రాజమార్గము.

చెక్కుచెదరని ఆనకట్ట

పరీక్షకు నిలువక మునుపే నమూనాను నమ్మినచో నేమగునో ఇటలీ దేశము చెప్పగలదు. ఆల్ప్సు పర్వతములలో వాయోంట్ అను నదికి మిక్కిలి యెత్తైన ఆనకట్ట కట్టిరి. జలాశయపు ఒడ్డుననున్న కొండ మెల్లమెల్లగా జాఱుచుండెను. కొండ కూలినచో ఎంత కెరటము లేచునో తెలిసికొనుటకు చిన్నపాటి లోయను కృత్రిమముగా నిర్మించి, అందు నీరు నింపి, కంకర జాఱవిడిచి పరీక్షలు చేసిరి. నీటిమట్టము 700 మీటరుల గుఱుతు దాటనంతవఱకు భయము లేదని ఆ పరీక్ష తేల్చెను. 1963 అక్టోబరు 9వ తేదీ రాత్రి నీరు ఇంచుమించుగా ఆ మట్టముననే యుండగా కొండ యొక్కుమ్మడి కూలెను. లేచిన నీరు ఆనకట్టను దాటి క్రింది ఊళ్లను తుడిచివేసెను. సుమారు 2,000 మంది మరణించిరి. ఆనకట్ట మాత్రము చెక్కుచెదరక నేటికిని నిలిచియున్నది. ఇంజనీర్లు కాంక్రీటును లెక్కగట్టిరి, అది నిలిచినది. కొండ మాత్రము వారు తలచిన వేగమున జాఱలేదు. కంకర జాఱినట్లు గాక ఒక్కముద్దగా, వేగముగా దూకెను.

ఆ కొండను పరీక్షించిన సలహాదారులలో లియోపోల్డ్ మ్యుల్లరు ఒకరు. ఆయనయే అంతకు ముందటి యేడు, 1962లో, అంతర్జాతీయ శిలాయంత్రశాస్త్ర సంఘమును సాల్జుబర్గులో స్థాపించెను. నేడు ఆ శాస్త్రమున పరమగౌరవముగా నెంచబడు పురస్కారము ఆయన పేరనే నాలుగేండ్లకొకమాఱు ఇయ్యబడుచున్నది. 1991లో మొదటి గ్రహీత ఎవర్ట్ హూక్. తన వృత్తికి కలిగిన యంత పెద్ద దుఃఖముతో ముడిపడిన పేరును పతకముపై చెక్కుకొన్న శాస్త్రము వినయము నేర్చినదని మేము భావించుచున్నాము.

అట్టి వినయమునకు బొగ్గుగనులలోనే మఱియొక యుదాహరణము కలదు. దక్షిణాఫ్రికాలో కోల్‌బ్రూక్ గనియందు 1960 జనవరి 21వ తేదీన, కప్పును మోయుటకై విడిచిన బొగ్గుస్తంభములు వరుసగా నలిగి 430 మందికి పైగా సమాధి యైరి. పిమ్మట సాలమన్, మన్రో అను పండితులు ఆ దేశపు గనులన్నింటి లెక్కలు సేకరించిరి. నిలిచిన స్తంభముల కథలు 98, కూలినవి 27. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, స్తంభపు వెడల్పునకు, ఎత్తునకు, బలమునకు గల సంబంధమును 1967లో సూత్రముగా ప్రకటించిరి. కూలిన 27ను దాచియుంచినచో ఆ సూత్రము పుట్టెడిది కాదు. ఓటమిని లిఖించినవారివలననే గెలుపునకు దారి దొరికినది.

గోదావరిఖని చెప్పు పాఠము

దూరదేశముల మాట విడిచి మన గోదావరిఖనికి వత్తము. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొని వచ్చి 17 మంది కార్మికులు జలసమాధి యైరి. సరిగా నాలుగు నెలలకు, అక్టోబరు 16వ తేదీన, అదే ప్రాంతమున 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. ఒక్క యేడు, ఒక్క పట్టణము, ఇరువది యేడు గృహములు. ఆ యిండ్లలో నాడు తల్లి ఒడిలో నున్న బిడ్డలు నేడు ఉద్యోగముల వయస్సు వచ్చినవారు. వారిలో కొందఱు ఇంజనీరింగు చదివి కంప్యూటరు ముందు కూర్చుండియుందురేమో! నమూనాకు సన్మానమను మాట వారి చెవిని బడినపుడు వారేమి కోరుదురో ఊహించుట కష్టము కాదు.

నీటి ప్రమాదము గనులకు పాతశత్రువు. 1975 డిసెంబరు 27న చాస్‌నాలాలో 375 మంది నీటికే బలియైరి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు క్వీక్రీక్ గనిలో 2002 జూలైలో, ప్రక్కనున్న పాతగని యెంతవఱకు తవ్వబడెనో పటములో సరిగా లేనందున, పనివారు తెలియక నీరు నిండిన గోడను ఛేదించిరి. తొమ్మండుగురు చిక్కుకొని, నాలుగవ దినమున దైవవశమున అందఱు బ్రదికి బయటపడిరి. ఎంత గొప్ప గణితమైనను పటమును మించి ఎఱుగదు. ఏడు దశాబ్దములకు పూర్వము విడిచిపెట్టిన పాత బాయి యెంతవఱకు పోయినదో చెప్పగల వృద్ధకార్మికుడు ఏ గ్రామమందో యరుగుమీద కూర్చుండియుండవచ్చును. అతనిని అడిగి పటము దిద్దుకొన్న యువకుడు, అడుగని యువకుని కంటె వేయిరెట్లు పండితుడు.

పొగగదిలో పందెము

అనుకరణ విద్యకు కంప్యూటరుతో పనిలేని రూపమొకటి రామగుండములోనే యున్నది. అది గని రక్షకదళముల శిక్షణ. ఊపిరియంత్రమును వీపున గట్టుకొని, పొగతోను వేడితోను నింపిన కృత్రిమ సొరంగములో వంగి ప్రాకుచు, గాయపడినవానికి బదులు బొమ్మను మోసికొని వచ్చుట వారి నిత్యాభ్యాసము. గని కాని గని, మంట కాని మంట, మనిషి కాని మనిషి. చెమట మాత్రము నిజము. ఈ విద్యలో దేశమందలి బొగ్గు, ఇతర ఖనిజ సంస్థల జట్లకు అఖిలభారత పోటీలు జరుగుచున్నవి. ప్రథమచికిత్స, కవాతు, రక్షణకార్యము, సిద్ధాంతజ్ఞానము మొదలగు విషయములందు పరీక్షింతురు. సింగరేణి జట్లు పలుమాఱులు బహుమతులు గెలిచి వచ్చినవి. నమూనా విద్యలో సాధనకు మన బొగ్గుసీమ పొందుచున్న నిజమైన పురస్కారము లివియే యని మా యభిప్రాయము. పత్రికలలో వీనికి దొరకు స్థలము నాలుగు పంక్తులకు మించకుండుట శోచనీయము.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రము ఈ విషయమున ఒక యడుగు ముందున్నది. అచ్చట మౌరా గనిలో 1994లో ప్రేలుడు జరిగి 11 మంది మరణించిన పిమ్మట, విచారణ సంఘము సూచించినట్లు 1998 నుండి ప్రతి సంవత్సరము ఒక గనిలో పెద్ద కృత్రిమ ప్రమాదమును కల్పించి పరీక్షించుచున్నారు. ఎవరు ఎంత యాలస్యము చేసిరి, ఏ టెలిఫోను పలుకలేదు, ఏ తలుపు తెఱచుకొనలేదు - ఈ లోపములన్నింటిని నివేదికగా ప్రకటింతురు. ఆ లోపముల పట్టికయే ఇతర గనులకు పాఠ్యగ్రంథము. మన పోటీలలో గెలిచినవారి పేర్లు ప్రకటింపబడుచున్నవి. తప్పుల పట్టిక కూడ ప్రకటింపబడినచో పతకమునకు రెట్టింపు విలువ వచ్చును.

1989 నవంబరులో రాణీగంజ్ ప్రాంతపు మహావీర్ గనిలో నీరు నిండినపుడు, ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్‌గారు ఉక్కుపెట్టె నొకటి చేయించి, భూమికి రంధ్రము వేయించి, తానే దానిలో దిగి 65 మందిని పైకి పంపెను. 1991లో ఆయనకు సర్వోత్తమ జీవన రక్షా పతకము వచ్చినది. ఆ పెట్టెయు నమూనాయే. న్యాయాధిపతులు 65 మంది, తీర్పు వారి ఊపిరి.

రైతు బావియు నమూనాయును

ఈ విషయము గనివారికి మాత్రమే చెందినదని భూస్వాములు భావింపరాదు. ఉపరితల గని త్రవ్వబడినచోట చుట్టుప్రక్కల భూగర్భజలమెంత దిగిపోవును, ధూళి యెంత దూరము పోవును, ప్రేలుళ్లకు గోడలెంత కదలునని ముందుగా చెప్పునదియు నమూనాయే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారము పెద్దగనులకు అనుమతి యిచ్చుటకు మునుపు ఇట్టి నివేదిక సిద్ధపఱచి ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. గనికి చుట్టును 10 కిలోమీటరుల వఱకు ఆ నివేదిక పరిశీలించును. ఆ సభలకు రైతులు పోవుదురు. రంగుల పటములు చూచెదరు. వానిలో తమ బావి యేదో తెలియక తిరిగి వచ్చెదరు. పదేండ్లకు ఆ బావి నిండియుండినను, ఎండినను, ఆనాటి పటమును తెచ్చి పోల్చి చూచువాడు లేడు. పోల్చిచూడని నమూనా తీర్పులేని వ్యాజ్యము వంటిది. వ్యాజ్యములలో తలపండిన మన భూస్వాములకు అంతకు మించి చెప్పనక్కఱలేదు.

ఎవరికి, ఎట్లు?

నేటి కాలమున బిరుదములకు కొఱత లేదు. రుసుము చెల్లించినవారికి, విందునకు బల్ల కొన్నవారికి శ్రేష్ఠతా పురస్కారములు ఒసంగు వ్యాపారములు నగరములలో వర్ధిల్లుచున్నవి. అద్దపు బిళ్ల, ఛాయాచిత్రము, చప్పట్లు - అంతటితో సరి. అట్టి పురస్కారములతో ఈ విద్యను కలుషితము చేయరాదని మా ప్రార్థన. ప్రభుత్వమువారి జాతీయ గని భద్రతా పురస్కారములకు కొలతలు స్పష్టముగనే యున్నవి: ప్రమాదములేని కాలమెంత దీర్ఘము, దెబ్బలు తగులు ప్రమాణమెంత స్వల్పము. ఆ కొలతలు మంచివే. అయినను దెబ్బలు తక్కువగా చూపినచో బహుమానము వచ్చునన్నపుడు, చిన్నదెబ్బను వ్రాయకుండ విడుచు దుర్బుద్ధి పుట్టునను శంక లోకమున లేకపోలేదు. ప్రమాదము జరుగలేదనుటకు రెండు కారణము లుండవచ్చును, జాగ్రత్త యొకటి, అదృష్టమొకటి. ఈ రెండింటిని వేఱుపఱచుటకే నమూనా విద్య పుట్టినది.

కావున బొగ్గుసీమలో నమూనా విద్యకు పురస్కారము నేర్పఱచునపుడు కొన్ని నియమములు పాటింపవలెనని మేము సూచించుచున్నాము. మొదటిది, జోస్యము ముందుగా లిఖింపబడి, తేదీ వేయబడి, కార్మిక ప్రతినిధుల యెదుట ముద్రింపబడవలెను. కప్పు కూలిన పిమ్మట కూలునని చెప్పుట విద్య కాదు. రెండవది, గని నడచిన మూడు నాలుగేండ్లకు జోస్యమును వాస్తవమును ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను; అటుపిమ్మటనే పతకము. మూడవది, నమూనాకర్త సర్దారులను, ఓవర్‌మన్లను, పాత పనివారిని విచారించెనా యని అడుగవలెను. వారి సాక్ష్యమువలన నమూనా దిద్దబడినచో ఆ సర్దారు పేరును పతకముపై నుండవలెను. నాలుగవది, చుట్టుప్రక్కల గ్రామములవారిని సాక్షులుగా పిలువవలెను. ఐదవది యన్నింటికంటె ముఖ్యము: తన లెక్క తప్పినదని స్వయముగా ముందునకు వచ్చి, ఎక్కడ తప్పెనో విడమఱచి ప్రకటించిన వానికి ప్రత్యేక సన్మానముండవలెను.

ఈ కడపటి నియమము చదివి కొందఱు నవ్వుకొనవచ్చును. తప్పునకు బహుమానమా యని అడుగవచ్చును. తప్పునకు గాదు, సత్యమునకు అని మా జవాబు. లెక్క తప్పిన యువకుడు ఉద్యోగభయమున నోరు మూసికొన్నచో, ఆ లెక్క మఱియొక గనిలో మఱల వాడబడును. అతడు నోరు విప్పినచో ఒక పాళీ కూలీలందఱు సాయంకాలము ఇంటికి వత్తురు. ఈ రెండింటిలో ఏది సంస్థకు లాభమో వేఱుగా లెక్కగట్ట నవసరము లేదు. అధికారులకు ఇది కష్టముగా తోచుననియు ఎఱుగుదుము. తమ క్రింది ఉద్యోగి తమ అంచనా తప్పనుటను సహించుట సులభము గాదు. అట్టి సహనమే గొప్ప సంస్థల లక్షణము.

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని కనిపెట్టెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. 1945లో సంస్థానమువారు వాటాలు కొనగా సింగరేణి ప్రభుత్వపు సొత్తయ్యెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు 51, కేంద్రప్రభుత్వమునకు 49 పాళ్లు అందున్నవి. ఇది ప్రజల సొత్తు. ప్రజల సొత్తులో పనిచేయు గణితము ప్రజలకు లెక్క చెప్పవలెను గదా!

వచ్చు డిసెంబరు 23న గాని, మఱియొక యేటి డిసెంబరు 23న గాని, వేదికమీదికి ఒక యువ ఇంజనీరును, ఒక వృద్ధ సర్దారును కలిపి పిలుతురని మా యాశ. ఒకని చేతిలో కంప్యూటరు కాగితములు, మఱియొకని చేతిలో కఱ్ఱ యుండును. ఆ సభలో ముందువరుసలో 2003 నాటి ఇరువది యేడు కుటుంబములవారిని కూర్చుండబెట్టవలెను. వారు చప్పట్లు కొట్టదగినదేనా ఈ సన్మానము అని ఎంపిక సంఘమువారు తమ్ము తాము ప్రశ్నించుకొని పతకము నీయవలెను.